మార్జాలోళ్ల కిశోర్

పద్మనాభ్ ఆ శనివారానికి వేసుకున్న ఏర్పాటు చాలా సాదాసీదాది. పొద్దున స్నానం, సంధ్య, నాలుగు ఇడ్లీలు, కాసేపు ఉపన్యాసం వల్లె వేసుకోవడం, మధ్యాహ్నం భోంచేసి ఆళ్లగడ్డలో బస్సెక్కడం, సాయంత్రం నంద్యాల భక్తసభలో జీవితంలో మొట్టమొదటి ఉపన్యాసం ఇవ్వడం, ఇంటికొచ్చి భార్య చేత దిష్టి తీయించుకోవడం. ఇందులో ఆసుపత్రి లేదు. పోలీసుల ప్రసక్తి లేదు. ఎవరూ ఎవరినీ కొరకడం అసలే లేదు.

వాళ్లది అహోబిలం. తరతరాలుగా స్వామి కైంకర్యంలో ఉన్న కుటుంబం. పద్మనాభ్‌కు ఆళ్లగడ్డ బడిలో సంస్కృతం చెప్పే ఉద్యోగం దొరికాక అందరూ అక్కడికే వచ్చేశారు. మనిషి మంచివాడు. ఎంత మంచివాడంటే అబద్ధం ఆడటం చేతకాదు. అబద్ధం ఆడక తప్పని చోటు వస్తే సంస్కృతంలోకి పారిపోతాడు. పెళ్లైన కొత్తలో పుండరీకవల్లి పులుసులో ఉప్పెక్కువైందా అని అడిగితే, "లవణాధిక్యం రుచిపోషకమే" అన్నాడు. ఆమె కూడా పండితుల ఇంటి ఆడపడుచే. మారు మాట్లాడకుండా పులుసు తీసుకెళ్లి నీళ్లు కలుపుకొచ్చింది. అప్పటినుంచి మొగుడి నోట సంస్కృతం వినిపించిందంటే ఎక్కడో ఏదో తేడా జరిగిందని ఆమెకు అర్థమయ్యేది.

సభవాళ్లు ఇచ్చిన విషయం 'మార్జాల కిశోర న్యాయం'. మార్జాలమంటే పిల్లి, కిశోరమంటే పిల్ల. భక్తుడు దేవుణ్ని ఎలా పట్టుకోవాలో చెప్పడానికి పెద్దలు రెండు పోలికలు తెచ్చారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకుంటుంది. పిల్లిపిల్ల మాత్రం ఏ ప్రయాసా పడదు, తల్లే దాని మెడను నోట పట్టి ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకుపోతుంది. పద్మనాభ్ ఇంట్లో వాళ్లంతా ముందునుంచీ కోతిపిల్ల పక్షం. కోతుల మీదైతే గంటసేపు అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడగలడు, అహోబిలంలో పెరిగినవాడికి కోతుల సంగతి ఇంకొకరు చెప్పాలా. పిల్లుల సంగతే బొత్తిగా తెలియదు.

అలాగని ఇంట్లో పిల్లి లేక కాదు. నుదుటి మీద నల్లమచ్చ ఉన్న ఒక పిల్లిని కూతురు శ్రీవల్లి వానలో దొరికిందని తెచ్చి చుక్క అని పేరు పెట్టింది. అది ఇంట్లో కాలుపెట్టిన రోజే తాతగారు లక్ష్మీనరసింహం ఒక శాసనం చేశారు. "దాన్ని ఉండనిస్తా. కానీ ఇంట్లో ఎవరికైనా సరే, ఒక్క గాటు పడిందా, వెలుగోడే!" వెలుగోడులో ఆయన మేనల్లుడికి బియ్యం గోదాము ఉంది. అక్కడ ఎలుకలు దండిగా ఉన్నాయి, పిల్లికే కొదవ. ఆ రోజునుంచి 'వెలుగోడు' అన్న మాట వినపడితే చాలు శ్రీవల్లి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఇప్పుడు చుక్క సామాన్ల గదిలో గోనెసంచుల మధ్య మూడు పిల్లల్ని కూడా పెట్టింది. అవి కళ్లు తెరిచి అటూ ఇటూ తప్పటడుగులు వేసే వయసులో ఉన్నాయి. పద్మనాభ్ పైకి ఒప్పుకోడు గాని, రోజూ పొద్దున ఆ గది తలుపు సందులోంచి ఒకసారి తొంగి చూడందే అతనికి తోచేది కాదు.

ఇడ్లీలు తిన్నాక పద్మనాభ్‌కు ఒక సందేహం వచ్చింది. తల్లిపిల్లి పిల్లను పట్టుకునేది మెడ వెనకా, పక్కనా? సభలో ఎవరైనా అడిగితే? ప్రత్యక్ష ప్రమాణం ఇంట్లోనే ఉన్నప్పుడు పుస్తకాలు తిరగేయడం ఎందుకని సామాన్ల గదిలోకి వెళ్లి ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. చుక్క పిల్లలకు పాలిస్తూ పడుకుని ఉంది. ఎంతసేపు చూసినా ఒక్క పిల్లనైనా ఎత్తి చూపించలేదు. ఆఖరికి విసుగొచ్చి, పరీక్ష తానే చేద్దామని ఒక పిల్లను మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టి పైకెత్తాడు.

చుక్క చెవులు వెనక్కి వాల్చింది. తోకను నేలకేసి టపటపా కొట్టింది. కుక్క తోక ఊపితే సంతోషమని పద్మనాభ్‌కు తెలుసు, పిల్లి కూడా తన కృషిని మెచ్చుకుంటోందనుకున్నాడు. మరుక్షణం బొటనవేలి మొదట్లో రెండు పళ్లు దిగాయి, మణికట్టు మీద మూడు గీతలు పడ్డాయి, పిల్ల వెళ్లి తల్లి పొట్ట కింద పడింది. కెవ్వుమనబోయి పక్కగదిలో తండ్రి ఉన్నాడని గుర్తొచ్చి కేకను మింగేశాడు.

రక్తం కారుతుంటే మొదట గుర్తొచ్చింది వెలుగోడు. రెండోది, చిన్నప్పుడెవరో గాయానికి కాఫీపొడి అద్దితే రక్తం కడుతుందని చెప్పడం. వంటింట్లోకి దొంగలా వెళ్లి గుప్పెడు కాఫీపొడి అద్ది, పైన పాత పంచె పీలిక చుట్టుకున్నాడు. వెనక్కి తిరిగితే పుండరీకవల్లి.

"చేతికేమైంది?"

"ప్రమాణ పరిశీలనలో... స్వల్ప వ్రణం."

ఆమె ఆ చేతికేసి ఒకసారి, సామాన్ల గది వైపు ఒకసారి చూసింది. ఆమె ఇంకేమీ అడగలేదు. "పోతా పోతా ఆసుపత్రిలో చూపిచ్చుకోని పొండి. ఊరికే వదిలేసేది కాదు అది," అని డబ్బాలో మిగిలిన కాఫీపొడి చూసుకుని నిట్టూర్చింది. ఇంత సులువుగా తప్పించుకున్నందుకు పద్మనాభ్‌కు లోపల ఆనందమే కలిగింది గాని, అనుమానం కలగలేదు.

బయల్దేరేటప్పుడు తండ్రి కాళ్లకు దండం పెట్టాడు. లక్ష్మీనరసింహం గారు వసారాలో వాలుకుర్చీలో ఉన్నారు. మే నెల ఎండకు కాకులు కూడా నోళ్లు తెరుచుకున్నాయి, ఆయన మాత్రం శాలువా కప్పుకుని కూర్చున్నారు. "ఏందీ నాయనా, శాలువా?" అంటే, "వయసు," అన్నారు. కొడుకు చెయ్యి ఉత్తరీయం కింద, తండ్రి చెయ్యి శాలువా కింద. ఆశీర్వాదం ఎడమచేత్తోనే జరిగిపోయింది.

ఆసుపత్రికి చేరేసరికి బొటనవేలు బూరెలా ఉబ్బింది. ఇంజెక్షన్ల గది ముందు బెంచీ మీద పక్కనే రిటైరైన తెలుగు మాస్టారొకాయన కూర్చుని ఉన్నారు. లోపలినుంచి నర్సు లూదియా పిలిచింది. ఆమె గొంతు ఇంజెక్షన్ల గదిలోంచి బస్టాండు దాకా వినపడుతుంది.

"ఏందప్పా, ఏమైంది?"

పద్మనాభ్ నోరు తెరవబోయి ఆగిపోయాడు. ఎదురుగా బీపీ మాత్రల వరుసలో కొండమ్మ నిలబడి ఉంది. కొండమ్మ వాళ్లింటికి రోజూ పూలు తెచ్చి ఇస్తుంది. పూలతోపాటు ఊళ్లో కబుర్లన్నీ తెచ్చి వసారాలో తండ్రిగారికి అప్పజెప్పి పోతుంది. ఇక్కడ 'పిల్లి' అన్న మాట నోరు జారితే, తను నంద్యాల చేరేలోపు చుక్క వెలుగోడు చేరుతుంది. అందుకని ఎప్పటిలాగే సంస్కృతంలోకి దూకాడు.

"నఖక్షతం," అన్నాడు మెల్లగా. "దంతక్షతం కూడా."

తెలుగు మాస్టారు ఉలిక్కిపడ్డారు. ప్రబంధాల శృంగార ఘట్టాల్లో ఆ గోటిగాటూ పంటిగాటూ ఎక్కడ వస్తాయో, ఏ సందర్భంలో వస్తాయో ఆయనకు బాగా తెలుసు. పద్మనాభ్ నామాన్ని, నెరుస్తున్న జుట్టునూ ఒకసారి చూసి, లేచి వేరే బెంచీ మీదికి వెళ్లి కూర్చున్నారు.

"అదేం జబ్బప్పా? నాకు తెలిసేటట్టు చెప్పు. ఎట్ల తగిలింది?"

"మార్జాల కిశోర నిమిత్తం..."

"కిశోరా? ఎవరప్పా వాడు? మనిషి కొరికినాడా? కొట్లాట కేసైతే పోలీసోళ్లకు చెప్పాల!"

ఆ 'పోలీసు' అన్న మాటకు వరుసంతా వెనక్కి తిరిగింది. కొండమ్మ అయితే వరుస వదిలేసి రెండడుగులు ముందుకే వచ్చింది. పద్మనాభ్ గభాలున లోపలికి పోయి తలుపు మూసి, లూదియా చెవి దగ్గర గుసగుసగా, "పిల్లి అమ్మా, పిల్లి!" అన్నాడు.

"ఆ మాట ముందే అనుంటే అయిపోతాండె కదా! పిల్లి కరిస్తే సిగ్గెందుకు? ఈ మధ్య మీ వీధోళ్లకి సూదులేసి ఏసి నాకు చెయ్యి నొప్పి పుడ్తాంది." పీలిక విప్పగానే ఆమె ముక్కు మూసుకుంది. "ఇదేందప్పా, కాఫీ వాసన? హోటల్‌కు పోబోయి ఈడికి వచ్చినావా?"

"రక్తం ఆగుతుందని..."

"ఒకరు సున్నం, ఒకరు కారం, నువ్వేమో కాఫీ! పా, కొళాయి కిందికి."

కొళాయి నీళ్ల కింద సబ్బుతో కాఫీ, రక్తం, మిగిలిన పౌరుషం అన్నీ పోయేదాకా పావుగంట సేపు కడిగించింది. గాయంలోకి మురికి పోకుండా ఇంటి దగ్గరే, కరిచిన వెంటనే ఇట్లా కడుక్కుని ఉండాల్సిందని చీవాట్లు పెట్టింది. పిల్లి పళ్లు సన్నగా లోతుగా దిగుతాయి, పైకి చిన్నగా కనిపించినా లోపల చీము పడుతుందని చెప్పి డాక్టరు మందులు రాశాడు. ధనుర్వాతానికొకటి, రేబిస్‌కొకటి, గాయం చుట్టూ ఇంకొకటి, సూదులు పడ్డాయి. "ఎల్లుండి కాకుండా ఆవలెల్లుండి మళ్ల రావాల. తప్పిచ్చుకోవాకు," అంది లూదియా. పద్మనాభ్ బుద్ధిగా తలూపి నంద్యాల బస్సెక్కాడు. చుక్క రహస్యం లూదియాకు తప్ప ఎవరికీ తెలియదన్న ధీమాతో శిరివెళ్ల దాటేలోపే నిద్రపోయాడు.

ఆ సమయంలో ఇంటి దగ్గర ఏం జరిగిందో పద్మనాభ్‌కు సాయంత్రం దాకా తెలియలేదు. మనం మాత్రం ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

కొండమ్మ మాత్రల సంగతి మర్చిపోయి ఉరుకులు పరుగులమీద వచ్చింది. "అమ్మా పుండరీకమ్మా! సామిని కొరికినారంట! మార్జాలోళ్ల కిశోర్ అంట! పోలీసు కేసంట!"

పుండరీకవల్లి నోటిదాకా వచ్చిన మాటను మళ్లీ లోపలికి పంపించింది. ఈలోపు వసారాలోంచి మామగారి గొంతు వినిపించింది. ఆయనకు కాస్త చెవుడు. 'మార్జాలం' ఆ చెవుడులో కొట్టుకుపోయింది, 'కిశోర్', 'కొరికినారు' మాత్రం ఒడ్డుకు చేరాయి.

"ఏ కిశోరు? నాకు తెలిసింది ఒక్క కిశోరే! ఆ నంద్యాల సభ కార్యదర్శి, పోయిన వారం మనింటికి పండ్లు తెచ్చినోడు!"

పుండరీకవల్లి ఔననలేదు, కాదనలేదు. కాదంటే తర్వాత ప్రశ్న 'మరెవరు?' అని వస్తుంది. లక్ష్మీనరసింహం గారు వెంటనే సభాధ్యక్షుడు శ్రీరంగనాథ్‌కు ఫోన్ కలిపారు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. "రంగా! మీ కిశోరు నా కొడుకును కొరికినాడంట! సభలు పెట్టి పండితుల్ని పిలిచి కొరుకుతారట్రా? నేను వస్తాండా!" అని పెట్టేసి, ఆటో పిలవమన్నారు. ఆటోలో ఆయన, కోడలు, మనవరాలు, ప్రత్యక్షసాక్షిగా కొండమ్మ ఎక్కారు.

ఆ కార్యదర్శి నందకిశోర్ బ్యాంకులో పనిచేసే పిరికి మనిషి. జీవితంలో ఉల్లిపాయ కూడా కొరికి ఎరగడు. పాపం, ఆ సాయంత్రం సభా మందిరంలో కుర్చీలు సర్దుతుంటే అతను సర్దిన వరుసలో ఎవరూ కూర్చోవడం లేదు.

పద్మనాభ్ లోపలికి అడుగుపెట్టగానే శ్రీరంగనాథ్ ఎదురొచ్చి పక్కకు తీసుకుపోయాడు. "పద్మనాభా, జరిగిందానికి సభ తరఫున నేను క్షమాపణ చెప్తాండా. చెయ్యి ఎట్లుండాది?"

పద్మనాభ్ కట్టు కట్టిన చెయ్యిని ఉత్తరీయం కిందికి లాక్కున్నాడు. "మీకెట్ల తెలిసింది సార్?"

"మీ నాయనే ఫోన్ చేసినాడు. మండిపడ్తాండాడు. వస్తాండాడంట."

అయిపోయింది. నాయనకు తెలిసిపోయింది. పద్మనాభ్ కళ్ల ముందు బియ్యం గోదాము, ఎలుకలు, బిక్కమొహం వేసుకున్న శ్రీవల్లి కనిపించారు. ఇక మిగిలిన దారి నాయన స్నేహితుణ్ని బతిమాలుకోవడమే.

"సార్, తప్పంతా నాదే. తల్లి పక్కన పడుకున్న పిల్లను నేనే మెడ పట్టి ఎత్తినా."

"పిల్లనా!"

"అవును సార్. ఎట్లుంటాదో చూద్దామని గాల్లో వేలాడదీసినా. పిల్ల జోలికి పోతే కన్న ప్రాణం ఊరుకుంటాదా? కొరకదా?"

శ్రీరంగనాథ్ రెండడుగులు వెనక్కి వేశాడు. కిశోర్‌కు ఐదేళ్ల కూతురుంది. "కొరుకుతాది," అన్నాడు మెల్లగా. "నేనైనా కొరుకుతా."

"మా నాయనకు మీరే చెప్పి శిక్ష పడకుండా చూడాల సార్. మూడు పిల్లలుండాయి. మూడూ సామాన్ల గదిలోనే!"

ముగ్గుర్ని మూడనడం కంగారు వల్లే అనుకున్నా, శ్రీరంగనాథ్‌కు తెలిసి కిశోర్‌కు కూతురు ఒక్కతే. మిగతా ఇద్దరూ ఎవరో, సామాన్ల గదిలో ఎందుకున్నారో అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. తల ఊపి వెళ్లి, ముందు వరుసలోని ఇద్దరు పెద్దమనుషుల చెవుల్లో ఏదో చెప్పాడు. వాళ్లు వెనక వరుసకు చెప్పారు. పద్మనాభ్ వేదిక ఎక్కేసరికి కిశోర్ భార్య కూతుర్ని ఒళ్లో గట్టిగా హత్తుకుని అతని వైపు మింగేసేలా చూస్తోంది. తల్లులున్న చోటల్లా పిల్లలు కొంగుల కిందికి చేరిపోయారు.

ఇదేమీ పట్టని పద్మనాభ్ ధ్యానశ్లోకం చదివి గొంతు సవరించుకున్నాడు. "మెడ పట్టుకొని పైకి ఎత్తడంలో ఒక గొప్ప తత్త్వం ఉంది," అని మొదలుపెట్టాడు. సభ మొత్తం "హా!" అంది. అది భక్తి అనుకున్నాడు.

అప్పుడే నందకిశోర్ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వేదిక ఎక్కాడు. "సామీ, మీకు దండం పెడ్తా. అందరూ నన్ను అడుగుతాండారు. నేను మిమ్మల్ని ఎప్పుడు కొరికినా?"

"మీరా? మీరెందుకు కొరుకుతారు?"

"ఏమో సామీ! మీ నాయనకు ఎవరో చెప్పినారంట, కిశోర్ కొరికినాడని!"

కిశోర్. మార్జాల కిశోర్. ఇంజెక్షన్ల గది, కొండమ్మ, రెండడుగులు ముందుకు. పద్మనాభ్‌కు అంతా ఒక్కసారిగా వెలిగింది. దాని వెనకే ఇంకో సంగతి కూడా వెలిగింది. అయితే నాయనకు పిల్లి సంగతి తెలియదు! తను ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, చుక్క క్షేమం, దాని మూడు పిల్లలూ క్షేమం, శ్రీవల్లి కళ్లు తడవవు. కిశోర్‌దేముంది, నాలుగు రోజులు జనం అనుకుని మర్చిపోతారు.

ఇంతలో గుమ్మం దగ్గర చేతికర్ర నేల మీద టంగుమంది. "ఎవడ్రా కిశోరు? ముందుకు రా!"

నందకిశోర్ ముందుకు రాలేదు. పద్మనాభ్ వెనక్కి చేరి, అతని ఉత్తరీయాన్ని రెండు చేతులా కరుచుకున్నాడు. కోతిపిల్ల న్యాయానికి అంతకంటే మంచి ఉదాహరణ పద్మనాభ్ జన్మలో చూడలేదు. కింద కిశోర్ కూతురు తండ్రిని చూసి పెదవి విరిచి ఏడుపు మొదలెట్టింది.

ఆ ఏడుపు విన్నాక పద్మనాభ్ ఇక ఉండలేకపోయాడు.

"నాయనా, ఆగు! ఆయన కాదు. అది... మార్జాల..." సంస్కృతం నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని బలవంతాన మింగి, బతుకులో మొదటిసారి అంత పచ్చి తెలుగులో చెప్పాడు. "పిల్లి నాయనా! మన చుక్క కొరికింది. నేను దాని పిల్లను ఎత్తితే కొరికింది. మనుషులెవరూ కొరకలే."

అందరికంటే ముందు కొండమ్మ తేరుకుంది. "మళ్ల కిశోర్ అంటివి కదా సామీ!"

"కిశోరమంటే పిల్ల, కొండమ్మా. మార్జాలమంటే పిల్లి."

"పిల్లిని పిల్లి అనేదానికేం రోగం నీకు!"

శ్రీరంగనాథ్ లెక్క సరిచూసుకున్నాడు. మూడు పిల్లలు, సామాన్ల గది, అన్నీ కుదిరాయి. కిశోర్ భార్య కూతుర్ని ఒళ్లోంచి కిందికి దించింది. నందకిశోర్ మాత్రం ఉత్తరీయం ఇంకా వదల్లేదు. పద్మనాభ్ ఎవరినీ చూడటం లేదు, తండ్రినే చూస్తున్నాడు. లక్ష్మీనరసింహం గారు కర్ర మీద చేతులుంచి తలవంచుకుని నిలబడ్డారు.

"నాయనా, దాన్ని వెలుగోడు పంపియ్యాకు. నీకు దండం పెడ్తా. తప్పు దానిది కాదు. సూదులన్నీ నేను సక్రమంగా వేయించుకుంటా. ఒక్కటి కూడా తప్పిచ్చుకోను." అని కట్టు కట్టిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన కొడుకు మొహం చూసి కరిగిపోయి, "ఏడవాకురా," అన్నారు. "సూదులకేం భయం లేదు. మొదటిదే నొప్పి. రెండోది తెలిసేది కూడా లేదు."

"రెండోదే నొప్పి మామయ్యా," అంది పక్కనుంచి పుండరీకవల్లి. "మొదటిదే ఎంతో నయం."

అని నాలుక కరుచుకుంది. మామగారు గిరుక్కున ఆమె వైపు తిరిగారు. ఆమె కూడా ఆయన వైపే చూస్తోంది. ఇద్దరి మధ్యనుంచి శ్రీవల్లి, "నాకైతే అన్నీ నొప్పే తాతా," అంది.

పద్మనాభ్ వేదిక దిగొచ్చాడు. తండ్రి శాలువా పట్టుకుని మెల్లగా పక్కకు తీశాడు. ముంజేతి మీద మానిన గాయం, రెండు పళ్ల గుర్తులు. అచ్చం తన చేతి మీద ఉన్నట్టే ఉన్నాయి.

"ఎప్పుడు నాయనా?"

"అది ఈనిన రోజు," అన్నారాయన ఎటో చూస్తూ. "బాలింతది కదా, ఆకలేస్తాంటాదని గిన్నెలో పాలు పోసి పిల్లల పక్కనే పెట్టబోయినా. బ్యాంకుకని చెప్పి ఆసుపత్రికి పోతాంటి."

"మరి నువ్వు?" అన్నాడు పద్మనాభ్ భార్యతో.

"ఆ మరుసటి వారం. గోనెసంచి జరపబోతే నన్ను కొరికింది, పాప అడ్డమొస్తే దాన్నీ బరికింది. టైలర్ దగ్గరికని చెప్పి ఇద్దరం పోయొచ్చినాం."

"కొండమ్మ మార్జాలం అన్నప్పుడే నీకు తెలిసిందా?"

"తెలిసే నోరు మూసుకున్న్యా. కిశోరన్నను తర్వాత బతిమాలుకోవచ్చు అనుకుంటి. పిల్లి వెలుగోడు పోతే యాడ తెచ్చేది?" అని ఆమె వేదిక మీది నందకిశోర్‌కు చేతులు జోడించింది. అతను ఉత్తరీయం వదిలి తిరిగి దండం పెట్టాడు.

"మళ్ల ఆ వెలుగోడు మాట నువ్వే వెనక్కి తీసుకోవచ్చు కదా నాయనా!" అన్నాడు పద్మనాభ్.

"ఇంటికి పెద్దోణ్ని. అన్న మాట ఎట్ల వెనక్కి తీసుకునేది?" లక్ష్మీనరసింహం గారు శాలువా మడిచి మనవరాలి భుజం మీద వేశారు. "అందుకే కదా, నా గాటు నేనే దాచుకున్న్యా."

శ్రీవల్లి తాత నడుమును చుట్టేసుకుంది. మందిరంలో మొదట నవ్వింది కిశోర్ కూతురు. తర్వాత మిగతా అందరూ నవ్వారు. నవ్వులు సర్దుకున్నాక శ్రీరంగనాథ్ ఉపన్యాసం కొనసాగించమన్నాడు.

పద్మనాభ్ వల్లె వేసుకున్నదంతా ఎగిరిపోయింది. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపిస్తూ తోచిందే చెప్పాడు. "ఈ రెండు పళ్లే చూడండి. ఇవే పళ్లతో అది పిల్లను రోజూ పట్టుకుంటాది. మెడ మీద ఒక్క గాటు పడదు. పిల్లను ఒడుపుగా పట్టిన పళ్లే, పిల్ల జోలికి పోయిన నాకు ఇట్ల దిగినాయి. దేవుడి పట్టు కూడా ఇంతే అనుకుంటా. పిల్ల అయినవాడికి భయం లేదు." సభ కదిలిపోయింది. ముసలమ్మలు కళ్లు ఒత్తుకున్నారు. "ఇంగొక మాట," అన్నాడు చివర్లో. "తల్లిపిల్లి చెవులు వాల్చి తోక కొడ్తాంటే అది మెచ్చుకునేది కాదు, చెయ్యి తీసేయండి. తింటాన్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవాకండి. అయినా కరిచిందనుకోండి, సబ్బుతో బాగా కడుక్కోని, కాఫీపొడి ఇంట్లోనే పెట్టి, తెలుగులో మాట్లాడుకుంటా ఆసుపత్రికి పోండి." చప్పట్లు అన్నిటికంటే దానికే ఎక్కువ పడ్డాయి. కొండమ్మ మాత్రల చీటీ ఊపి మరీ చప్పట్లు కొట్టింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఇరుక్కుని కూర్చుని అందరూ గాట్లు పోల్చుకున్నారు. అప్పుడు శ్రీవల్లికి తట్టింది, ఇంట్లో సూది పడనిది చుక్క ఒక్కదానికేనని. సోమవారం పొద్దున్నే నలుగురూ కలిసి, మందపాటి టవల్లో చుట్టి, దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారు. టవల్ ఎక్కడా విప్పవద్దని నలుగురూ నాలుగు విధాల చెప్పారు. పశువుల డాక్టరు చదువుకున్నవాడు, తనకు తెలుసన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయనే తన చెయ్యి పట్టుకుని ఇంజెక్షన్ల గదిలోకి వస్తే, లూదియా ఈసారి కరిచిందెవరని అడగలేదు.